కోస్తే రెట్టింపైన కంతి: గాడిదతో టెక్కలి ప్రయాణం

ప్రియ చదువరీ, ఒక్క ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పు. నీ జీవితంలో ఒక గాడిద కోసం ఎప్పుడైనా ఒక పూట పని మానుకున్నావా? నవ్వకు. మొన్నటిదాకా నేనూ నవ్వినవాణ్ణే. ప్రభువు గాడిదపిల్ల నెక్కి పట్టణంలోకి వచ్చాడని ఉద్దానంలో ఊరూరా మైకు పట్టుకుని గొంతు చించుకున్న నేను, వంగి ఒక్క గాడిద పొట్ట కిందకి ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

నా చదువు ఐదో తరగతి. వారమంతా కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీలో పని, ఆదివారం మా ఊరి బాప్టిస్టు సంఘంలో వాక్యం. మట్టల ఆదివారానికి మేము కొబ్బరి మట్టలు పట్టుకుని వీధుల్లో ఊరేగుతాం. ఈ ఏడు ఊరేగింపు ముందు నిజం గాడిదను నడిపించాలని నాకు పట్టుదల పుట్టింది. మా ఊళ్ళో గాడిద ఉన్నది ఒక్కరికే. ఆవిడ అప్పలమ్మ పిన్ని, ఊరి బట్టలు ఉతికే మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. గాడిద పేరు బంగారి. దాని పొట్ట కింద, మూటలు కట్టే తాడు పోయేచోట, నిమ్మకాయంత కంతి ఉంది. ఊరేగింపులో చూడ్డానికి బాగుండదని నేనే చొరవ తీసుకుని, పశువులకు నాటువైద్యం చేసే ఒకాయనను పిలిపించి కోయించాను. పైన మైలుతుత్తం అద్దించాను. ఊరేగింపు బ్రహ్మాండంగా జరిగింది.

ఏడు వారాలు తిరక్కుండా అదే చోట కంతి మళ్ళీ లేచింది, ఈసారి బత్తాయికాయంత. పచ్చిగా, నెత్తురు కారుతూ, మీద ఈగలు. తాడు తగిలితే బంగారి కాళ్ళు విసిరేది. ఊరి మూటలన్నీ మైలున్నర అవతల గెడ్డకు, అంటే మా వాగుకు, చేరేది దాని వీపు మీదే. ఒకరోజు పిన్ని నాతో అంది: “ఇటుకల బట్టీవోడికి అమ్మీదామని సూపించినాను బాబూ, ఒద్దనీసినాడు. దీన్ని మేపుకుంటా నానేటి తింతాను? వచ్చీవారం తీసుకెల్లి హైవే మీద ఇడిసీసి వచ్చీడమే.” హైవే మీద వదిలిన గాడిద గతి ఏమవుతుందో పలాస నుంచి టెక్కలి వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. ఆ రాత్రి నుంచే కనబడ్డ ప్రతివాణ్ణీ దీనికి వైద్యం ఉందా అని అడగడం మొదలుపెట్టాను.

మరునాడు పాలకేంద్రం దగ్గర ఒక రైతు చెప్పాడు, టెక్కలి పశువుల ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు ఇలాంటి కంతులను కోసి, మంచు పట్టించి చంపుతున్నాడని. బట్టీ యజమాని ఫోన్ నుంచి ఆ డాక్టరుతో మాట్లాడాను. ఆవులు చూలు కట్టడానికి వేసే ఇంజక్షన్లను నిలవ ఉంచే లిక్విడ్ నైట్రోజన్‌తోనే ఆయన ఈ వైద్యం చేస్తారట. శ్రీకాకుళం నుంచి పదిహేను రోజులకోసారి వ్యాను వచ్చి క్యాన్లు నింపుతుంది. నింపిన రోజే ఆయన కొంచెం ఇవ్వగలరు, మిగతా రోజుల్లో ఇస్తే ఇంజక్షన్లు పాడవుతాయి. “మంగళవారం పది గంటల్లోపు ఉండాలి, పాస్టరు గారూ. తర్వాత నేను ఊళ్ళకు వెళ్ళిపోతాను,” అన్నారు. పదిహేను రోజులు ఆగితే బంగారి హైవే మీద ఉంటుంది. కాబట్టి మంగళవారమే. పిన్నికి చెప్పి ఒప్పించాను.

తెల్లవారి అయిదింటికి సింహాచలం తన లగేజీ ఆటో తెచ్చాడు. వాడు నాకు వరసకు అల్లుడు. రానుపోను ఏడువందలకు ఒప్పుకున్నాడు. బంగారిని చూడగానే మొదలుపెట్టాడు: “ఏటి మావా, మీ సంఘంలో కొత్తగా బాప్తిస్మం తీసుకున్నావిడా?”

గాడిదను బండెక్కించడం గురించి నాకు ఎవరూ చెప్పలేదు, మీకు చెబుతున్నాను, వినండి. తాడు పట్టి లాగితే అది వెనక్కి కూర్చుంటుంది. ఇరవై నిమిషాలు లాగాం. సింహాచలం కొబ్బరి మట్ట ఒకటి విరిచి పైకెత్తాడు. నేను అడ్డం నిలబడ్డాను. పూర్వం ఒక ప్రవక్త తన గాడిదను మూడుసార్లు కొట్టాడు, దారిలో కత్తి దూసి నిలబడ్డ దూతను గాడిద చూసింది గాని ప్రవక్త చూడలేదు, నీకు కనబడనిది దానికి ఏం కనబడుతోందో అని గట్టిగా చెప్పాను.

“ఆ దూత ఎవుడో ఒచ్చి ఎనకాల నుంచి ఓ తోపు తోసినా బాగున్ను మావా,” అన్నాడు వాడు.

పిన్ని మా ఇద్దరినీ పక్కకు పొమ్మంది. ఆటోను మట్టిగట్టుకు ఆనించి వెనక్కి పెట్టించింది, గట్టూ బండీ సమానమయ్యేలా. ఒళ్ళో జీడిపళ్ళు పోసుకుని తానే ముందు ఎక్కి కూర్చుంది. పండు వాసనకు బంగారి నింపాదిగా నడిచి లోపలికి వెళ్ళింది. “రాయే, రా. మొగోల్లకి మాటలే,” అంది పిన్ని దాని చెవిలో.

మా ఊరి నుంచి కాశీబుగ్గ పన్నెండు కిలోమీటర్లు, అటూ ఇటూ జీడితోటలు, సన్నటి రోడ్డు. గోతుల్లో బండి పదికి మించి పోలేదు. ఏడుంపావుకు రైల్వే గేటు దగ్గరికి చేరేసరికి గేటు పడింది. ఒక గూడ్సు, వెనక ఒక ఎక్స్‌ప్రెస్. ముప్పావుగంట పోయింది. నేను వాచీ చూసుకుంటుంటే, గూడ్సు కూతకు జవాబుగా బంగారి తలెత్తి ఓండ్ర పెట్టింది. గేటు దగ్గర ఆగిన జనమంతా తిరిగి చూశారు. “మావా, నీ పెసంగం అదే సెప్పీస్తంది,” అన్నాడు సింహాచలం. నాకూ నవ్వు ఆగలేదు.

గేటు దాటి నాలుగు వరుసల హైవే ఎక్కాక బండి ఎగిరినట్టు పోయింది. నందిగాం దగ్గర అయిదు నిమిషాలు ఆగాం. ప్లేటు ఇడ్లీ ఎనిమిది రూపాయలు. పాక హోటలు నడిపే ఆవిడ మా బండిలోకి తొంగి చూసి, “గాడిదికి అంత పెద్ద ఆసుపత్రా? మా ఆయన్ని సూపించనానికే నాకు బండి దొరకనేదు,” అని, బంగారికి బకెట్టు నీళ్ళు పెట్టింది. డబ్బులు తీసుకోలేదు. తొమ్మిదింటికి టెక్కలి ఆసుపత్రి ఆవరణలో దిగాం. నైట్రోజన్ వ్యాను అప్పుడే క్యాన్లు నింపుతోంది.

డాక్టరుకు ముప్పై ఏళ్ళుంటాయేమో. మోకాళ్ళ మీద కూర్చుని కంతి కింద టార్చి వేసి చాలాసేపు చూశారు. “దీన్ని ముందు ఎవరు కోశారు?” అని అడిగారు. నేను నోరు విప్పేలోపే చెప్పుకుపోయారు: “ఇది సార్కాయిడ్. చర్మంలో వచ్చే కంతి. లోపలి అవయవాలకు పాకి చంపేది కాదు. కాని చుట్టూ మంచి చర్మంతో సహా తియ్యకుండా పైపైన కోస్తే పగబట్టినట్టు పెరుగుతుంది. అస్సలు ముట్టుకోకుండా వదిలేసినా ఇంతయ్యేది కాదు.”

వందలమంది ముందు పాపం ఒప్పుకోమని కేకలు వేసే నోరు, ఒక్క మనిషి ముందు తెరుచుకోవడానికి ఎంత సేపు తీసుకుందో. “పిన్నీ, కోయించింది నేనే. ఊరేగింపు అందంగా ఉండాలని కోయించాను. దీని బాధ, నీ కష్టం, రెండూ నావల్లే,” అన్నాను.

ఆవిడ బంగారి మెడ నిమురుతూనే ఉంది. “నాకు తెల్దేటి బాబూ? కత్తోడి పక్కన నిలబడి పాట పాడినోడివి నువ్వే గదా. నీకెప్పుడు తెలుస్తాదా అని సూత్తన్నాను.”

తర్వాత జరిగింది చూస్తే నాకు ఒళ్ళు పులకరించింది. మెడలో మత్తు ఇంజక్షను ఇచ్చారు, బంగారి తల వాలేసి నిలబడే నిద్రపోయింది. కంతి చుట్టూ మొద్దుబారే మందు ఎక్కించారు. చెయ్యి చాపి ప్రార్థించబోతే డాక్టరు తలెత్తకుండానే, “ప్రార్థన చెయ్యండి గాని చెయ్యి మాత్రం ఇటు పెట్టకండి,” అన్నారు. కంతి అంచున కాకుండా వేలెడు అవతల మంచి చర్మం నుంచి కోసి మొత్తం ఎత్తేశారు. చుట్టూ వేజలిన్ పూశారు. ఫ్లాస్కులోంచి తెల్లటి పొగ లేస్తుంటే, పుల్లకు చుట్టిన దూదిని నైట్రోజన్‌లో ముంచి కోసిన చోట అద్దారు. మే నెల ఎండలో, నా కళ్ళ ముందు, గాడిద ఒంటి మీద మంచు పేరుకుంది. అది కరిగేదాకా ఆగి మళ్ళీ పట్టించారు. అలా మూడుసార్లు. లోపల మిగిలిపోయిన కంతి వేళ్ళు ఆ చలికి చస్తాయట.

“ఇరవై ఒక్క రోజులు మూట వెయ్యొద్దు. నల్లటి చెక్కు కడుతుంది, గిల్లొద్దు, దానంతటదే రాలాలి. ఈగలు వాలనివ్వొద్దు,” అన్నారు డాక్టరు. వైద్యానికి రూపాయి తీసుకోలేదు. బయట కొన్న మందులకు నూట ఎనభై అయ్యాయి.

పిన్ని నా వైపు తిరిగింది. “ఇరవై ఒక్క రోజులంట బాబూ. మూటలు ఎవుడు మోత్తాడు?”

“నేను మోస్తాను,” అన్నాను.

సింహాచలం ఆటోకు ఆనుకుని, “అయితే తాడు మావకి కట్టీ పిన్నీ,” అన్నాడు.

మోశాను. రోజూ బట్టీకి వెళ్ళేముందు సైకిలు మీద రెండు నడకలు, బురదలో సైకిలు దిగబడితే నెత్తి మీద. ఒకరి భారములు ఒకరు భరించుడని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, తడి దుప్పటి ఎంత బరువో ఇప్పుడు తెలిసింది. చెక్కు పందొమ్మిదో రోజు రాలింది. కింద గులాబి రంగు చర్మం, నున్నగా. ఆరు నెలల దాకా కనిపెట్టి చూడాలని, మళ్ళీ లేస్తే వెంటనే తీసుకురమ్మని డాక్టరు మాట. నిన్న పిన్ని తాడును జానెడు వెనక్కి జరిపి కట్టి, మొదటి మూట వేసింది. బంగారి కాళ్ళు విసరలేదు. గెడ్డ వైపు తానే దారి తీసింది. నేను వెనకాల ఖాళీ చేతులతో నడుస్తూ, సిగ్గు లేకుండా ఏడ్చాను. తెలియకుండా చేసిన మంచి కూడా ఒక ప్రాణికి గాయం కావచ్చు. ఆ గాయం దగ్గరికి మళ్ళీ వెళ్ళి మోకరించే అవకాశం అందరికీ దొరకదు, నాకు దొరికింది.

వెళ్ళదలచినవారు ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి నైట్రోజన్ నింపే రోజు ఏదో కనుక్కోండి, ఆ రోజున ఉద్దానం నుంచి అయిదింటికే బయలుదేరండి, రైల్వే గేటుకు గంట వదిలిపెట్టుకోండి. పశువు లేకుండా ముందు మాట్లాడి రావాలనుకుంటే కాశీబుగ్గ నుంచి బస్సు ఉంది, రైల్లో అయితే నౌపడలో దిగి ఆటో ఎక్కాలి. కాని ఇదంతా రేపటి పని. ఇవాళ, ఈ పేజీ మూసిన వెంటనే, లేచి మీ వీధిలో గాడిద ఉన్న ఇంటికి వెళ్ళండి. దాని పొట్ట కింద, గజ్జల్లో, చెవుల వెనక చెయ్యి పెట్టి చూడండి. కంతి తగిలితే కత్తి పట్టేవాణ్ణి ఆపండి, ఎండి రాలిపోతుందని దానికి దారం కట్టబోయేవాణ్ణి ఆపండి, పొద్దుగుంకకముందే డాక్టరుకు ఫోన్ చెయ్యండి.