దగ్గు తుడిచిన ప్లగిన్

కోరుట్లలో మా పాటల స్టూడియోకు కొత్త కంప్యూటర్ వచ్చింది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ప్లగిన్లు ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది; పెళ్లికి కూడా అంత తంతు ఉండదు. శబ్దాలు తుడిచే ప్లగిన్ చివరిది. దాన్ని పరీక్షించేలోపే పక్కింటి అక్క ఫోన్ పట్టుకొచ్చింది. దుబాయ్‌లో చనిపోయిన భర్త శవం ఇంకా రాలేదు. ఆయన వాట్సాప్‌లో పంపిన ఆఖరి మాటలే ఉన్నాయి.

"మా అత్తకు సరిగ ఇనవడ్తలేదు తమ్మీ, జర సాఫ్ చెయ్యి."

ఏసీ హోరు, గదిలో పక్క మంచాల వాళ్ల గోల, దగ్గు, అన్నీ తుడిచేసి గర్వంగా వినిపించాను.

"గీయన ఎవలు, రేడియోల వార్తలు చదివెటోడా? మా ఆయన దగ్గకుంట ఎన్నడు మాట్లాడిండు?"

రెండు రోజుల పనితనంలో అక్కరకొచ్చింది అన్‌డూ మీట ఒక్కటే. దగ్గును వెనక్కి తెచ్చి, ఆయన గొంతు ఒక్కటే కాస్త పెంచి వినిపించాను.

ఆయన దగ్గాడు.

"ఆఁ, గీయనే," అంది అక్క.