తార్నాక ఇంట్లో నలభై మీటర్ల గాజు దారం

2023 మార్చి నెల, ఒక శుక్రవారం. పొద్దున్నే తార్నాక నుంచి ఫోన్ వచ్చింది.

"మా వెనక గదికి నెట్ సరిగా రావడం లేదు. సోమవారం పదకొండింటికి మొదలుపెడితే రెండు గంటలపాటు ఒక్క క్షణం కూడా ఆగకూడదు. అవుతుందా, అవదా? ముందు ఆ సంగతి చెప్పండి" అన్నారు ఒక పెద్దావిడ.

నెట్‌వర్క్ కేబుళ్లు వేసే పనిలో ఇరవై ఏళ్లు దాటాయి నాకు. అందరూ అర్జెంటనే అంటారు. అయితే ఆ గొంతు ఎక్కడో విన్నదే అనిపించింది. ఆ పూటే తార్నాక వెళ్లాను. గేటు తీసిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. సరస్వతి మేడం.

డిప్లొమా పూర్తిచేసిన కొత్తలో సీతాఫల్‌మండిలో ఒక గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. ఒక కాంట్రాక్టరు కింద యూనివర్సిటీ క్యాంపస్‌లో పని దొరికింది. అప్పుడప్పుడే ఆఫీసు గదుల్లోకి కంప్యూటర్లు వస్తున్నాయి. వాటన్నిటినీ కలుపుతూ LAN కేబుల్ లాగాలి. నేను నడుచుకుంటూ క్యాంపస్‌కు చేరేసరికి ఒక రాతి భవనం మొదటి అంతస్తులో టైపు మిషన్ల చప్పుడు మొదలయ్యేది. అందులో అన్నిటికన్నా వేగంగా వినిపించేది సరస్వతి మేడం మిషనే. ఆవిడ అక్కడ స్టెనోగ్రాఫరు. ఊరు తెనాలి.

నేను నిచ్చెనెక్కి గోడకు డ్రిల్లు పెడితే, "బాబూ, ఆ ఫైళ్ల మీద దుమ్ము పడితే మళ్లీ టైపు చేయాల్సింది నువ్వు కాదు, నేను" అన్నారు. వేళ్లు మాత్రం ఆగలేదు. తర్వాత తనే లేచి వచ్చి ఫైళ్ల మీద పాత పేపర్లు కప్పి, నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. ఆ మధ్యాహ్నం టిఫిన్ మూతలో గోంగూర అన్నం పెట్టి ఇచ్చారు. ఆ పుల్లటి రుచి ఇప్పటికీ నాలుక మీద ఉన్నట్టే ఉంటుంది.

"మేడం, నన్ను గుర్తువట్టిండ్రా? యాదగిరిని. మీ ఆఫీసుల వైర్లు గుంజింది నేనే" అన్నాను.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూశారు. "నా బీరువా వెనకాల గోడకు బొక్క పెట్టి, పూడ్చకుండా పోయింది నువ్వేనా? నేను రిటైరయ్యేదాకా అందులోంచి బల్లులు వచ్చేవయ్యా!"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ చెప్పింది విన్నాక నవ్వు ఆగిపోయింది.

రిటైరయ్యాక ఆవిడ లైవ్ క్యాప్షనింగ్ చేస్తున్నారు. అంటే, ఎక్కడో గదిలో మనుషులు మాట్లాడుతుంటే ఇంట్లో కూర్చుని విని, ఆ మాటల్ని అప్పటికప్పుడు టైపు చేయడం. అవి అక్కడ తెర మీద కనిపిస్తాయి. సోమవారం క్యాంపస్‌లో మౌనిక అనే అమ్మాయి వైవా. అంటే పీహెచ్‌డీ చివర్లో పరీక్షకుల ముందు కూర్చుని జవాబులు చెప్పాలి. సిద్దిపేట వైపు రైతుల బిడ్డ, చదివేది జియాలజీ. తొమ్మిదేళ్లప్పుడు జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. మాట మాత్రం నిలిచింది.

"మాటల్ని తనంతట తానే రాసే సాఫ్ట్‌వేర్ ఉంది కదా మేడం?" అని అడిగాను.

"ఉంది. మన ప్రొఫెసర్లు సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడతారు. దానికి పిచ్చెక్కుతుంది."

మరుసటి రోజు నేను పనిలో ఉండగా మౌనిక వచ్చింది. ఒక్కరు ఎదురుగా ఉంటే పెదవులు చూసి అర్థం చేసుకోగలదు.

"సార్లు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతరన్నా. ఎవరి పెదవులు చూడాలె?" అంది. "మొన్న సెమినార్ల మధ్యల మేడం నెట్ ఆగింది. సారు రాళ్ల వయసు అడిగిండు. నేనేమో అవి యాడ దొరికినయో చెప్పిన. నాకు సబ్జెక్టే రాదనుకున్నరు అందరు."

అసలు చిక్కు ఆ ఇంట్లో ఉంది. నెట్ కనెక్షన్ వీధివైపు హాల్లోకి వస్తుంది. అక్కడ బస్సుల హారన్ల మధ్య మాటలు వినపడవని మేడం పెరటి చివర గదిలో పనిచేస్తారు. మధ్యలో నలభై మీటర్లు. అంతకుముందు వేసిన మామూలు కేబుల్‌ను పందికొక్కులు రెండుసార్లు కొరికేశాయి. ఆ తర్వాత వైఫై పెట్టుకున్నారు. మందపాటి గోడలు దాటేసరికి దాని పస అయిపోయేది.

అందుకని ఆర్మర్డ్ ఫైబర్ వేద్దామన్నాను. ఫైబర్ అంటే వెంట్రుకంత గాజు దారం. దానిలో కరెంటు కాదు, వెలుగు ప్రయాణిస్తుంది. ఆర్మర్డ్ రకంలో ఆ దారం చుట్టూ స్ప్రింగులా చుట్టిన ఉక్కు కవచం ఉంటుంది. పందికొక్కు పళ్లు దిగవు. రెండు చివరలా మీడియా కన్వర్టర్లు పెట్టాలి. వెలుగును కంప్యూటరుకు అర్థమయ్యే సంకేతంగా మార్చే చిన్న డబ్బాలవి.

శనివారం గోడ వెంట పైపు బిగించి కేబుల్ లాగాను. గది మూల దగ్గర దాన్ని మలిచి, క్లాంపు కొట్టి, పైన సిమెంటు పూశాను. సాయంత్రమైంది. డబ్బాల మీద పచ్చలైట్లు వెలిగాయి. మౌనిక ఫోను తెర మీద మేడం టైపు చేసిన అక్షరాలు పరుగెత్తాయి. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

చివర్లో పవర్ మీటర్ పెట్టి చూశాను. వెలుగు దారిలో ఎంత పోతోందో అది చెబుతుంది. ఆ నష్టాన్ని dBల్లో, అంటే డెసిబెల్స్‌లో కొలుస్తాం. అంత చిన్న దూరానికి ఒక dB లోపు ఉండాల్సిన నష్టం రెండున్నర చూపించింది. చివరలు తుడిచి మళ్లీ పెట్టాను. పెద్దగా తగ్గలేదు. లింకు నడుస్తోంది, స్పీడు బాగుంది, వాళ్లిద్దరూ సంతోషంగా ఉన్నారు. మీటరు సంచిలో వేసుకుని మెట్టుగూడలోని ఇంటికి వచ్చేశాను.

అన్నం ముందు కూర్చున్నానే గానీ మనసు ఆ మూల దగ్గరే ఉంది. ఆర్మర్డ్ కేబుల్‌తో ఉన్న ప్రమాదమే అది. పైకి గట్టిగా ఉంటుంది కాబట్టి ఏమైనా ఓర్చుకుంటుందని చేతికి అనిపిస్తుంది. లోపల ఉన్నది గాజే. గుండ్రంగా తిప్పాల్సిన చోట నేను మడిచాను. ఎండకు గోడ వేడెక్కితే ఏ క్షణాన తెగుతుందో తెలియదు. తెగితే ఆ పిల్ల మళ్లీ అడగని ప్రశ్నకు జవాబు చెబుతుంది.

ఆదివారం పొద్దున్నే వెళ్లి మేడం ముందు నిలబడ్డాను. "తప్పు నాది మేడం. నిన్న మీటర్ మీద లాస్ ఎక్కువ చూపెట్టింది. మూలకాడ కేబుల్ మడతపడ్డట్టుంది. నడుస్తున్నది గద అని ఊకున్న."

ఆవిడ ఆ మూల వైపు చూశారు. తర్వాత అన్నారు. "ఒక్క అక్షరం తప్పు పడితే పేజీ మొత్తం మళ్లీ టైపు చేసేవాళ్లం, తెలుసా? విసుగొచ్చేది. కానీ తప్పున్న కాగితం మీద సంతకం చేయించేవాళ్లం కాదు. పద, గోడ పగలగొట్టు."

సిమెంటు తీసి చూస్తే ఉక్కు కవచం నొక్కుకుపోయి ఉంది. సరిచేయడం కాదు, మొత్తం మార్చాలనుకున్నాను. కాచిగూడలో తెలిసిన దుకాణదారును బతిమాలి షట్టరు తెరిపించి కొత్త కేబుల్ తెచ్చాను. పాతదానికి తాడు కట్టి బయటికి లాగాను. తాడు పైపులోకి వచ్చాక దానికి కొత్త కేబుల్ కట్టాను. అటువైపు నుంచి మేడం మెల్లగా లాగుతూ, "వస్తోంది, వస్తోంది" అని కేకేస్తున్నారు. ఈసారి మూల దగ్గర పళ్లెం అంచంత వంపుతో తిప్పాను. మీటరు పెట్టాను. సున్నా పాయింట్ ఆరు. ఆ అంకె మేడంకు చూపించాను.

సోమవారం ఆవిడ నన్ను కదలనివ్వలేదు. "ఇక్కడే కూర్చో. ఏమైనా అయితే నీకోసం ఎక్కడ వెతకను?"

తెర మీద క్యాంపస్ గది, బల్ల చుట్టూ ఐదుగురు. మౌనిక ఎదురుగా పెద్ద టీవీలో మేడం అక్షరాలు. గంట దాటింది. ఏ ప్రశ్న దగ్గరా ఆ పిల్ల తడబడలేదు. చివర్లో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, "రాళ్ల వయసు భలే చెప్పావమ్మా. మీ డిపార్ట్‌మెంట్ హెడ్ గారి వయసు మాత్రం ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు" అన్నారు.

గది గొల్లుమంది. అందరితో పాటే, అదే క్షణంలో, మౌనిక కూడా తల వెనక్కి వాల్చి నవ్వింది. ఒకరు నవ్వాక, పక్కవాళ్లు చెబితే అర్థమై నవ్వే నవ్వు కాదది.

కాసేపటికి డాక్టరేట్‌కు సిఫారసు చేస్తున్నామన్నారు. ఆ మాటా టైపు చేసి మేడం కళ్లజోడు తీశారు. "ముప్పై మూడేళ్లు టైపు చేశానయ్యా. నేను కొట్టిన అక్షరాలు చదివి ఒక్కరైనా నవ్వగా చూడలేదు" అన్నారు. కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

ఆ తర్వాత ఎన్నో ఇళ్లకు ఫైబర్ వేశాను. లైటు వెలిగితే పని అయిపోయినట్టేనని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు మాత్రం ఏ ఇంటి నుంచైనా కదిలే ముందు మీటరు అంకె ఇంటివాళ్లకు చూపిస్తాను, అది ఎంత ఉండాలో కూడా చెబుతాను. అంకె బాగాలేని రోజున, సంచి మళ్లీ కింద పెడతాను.