మా ఇంటికొచ్చిన మేనేజరు చేప

ఏ పనైనా సరే, దాని మీద ఒక పుస్తకం చదివితే వచ్చేస్తుందని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. ఈత గురించి చదివి కాలవలో దూకాను (రేవులో బట్టలుతుకుతున్న ఇద్దరు పిన్నిగార్లు చీర విసిరి లాగారు). తేనెటీగల పెంపకం గురించి చదివి వారం రోజులు ఒక కన్ను మూసుకుని తిరిగాను. అయినా నమ్మకం సడలలేదు. డిగ్రీ మధ్యలో ఆపేసి అల్లవరంలో ఒక రొయ్యల మేత కొట్టులో పనికి కుదిరిన నాకు సాయంత్రాలు మా ఊరి గ్రంథాలయమే కాలేజీ. అక్కడ ఫుట్‌బాల్ మీద ఉన్న ఒకే ఒక్క పుస్తకాన్ని పదకొండు సార్లు చదివాను. ఆటగాళ్ళు ఎంతమందో అన్నిసార్లు చదవాలని నాకు నేనే పెట్టుకున్న నియమం అది. ఇక ఆడటం అంటారా, నేను బంతిని తంతే బంతి కంటే చెప్పు దూరం వెళ్ళేది.

ఓడలరేవు వెళ్ళే దారిలో, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది మా ఊరు. బోట్ల మీద వేటకెళ్ళే కుర్రాళ్ళకు ‘కెరటం’ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. ఆ క్లబ్బుకు ఊరంతా అభిమానులే. కానీ పక్క ఊరి జట్టు చేతిలో మూడేళ్ళుగా ఓడిపోతున్నాం. నాలుగో ఏడు పోటీ ఇంకా ఆరు వారాలుందనగా మా మేనేజరు డ్రిల్లు మాస్టారికి బదిలీ అయింది. అంతే, టీకొట్టు దగ్గరా, మా క్లబ్బు అభిమానుల వాట్సాప్ గ్రూపులోనూ ఒకటే చర్చ: కొత్త మేనేజరు ఎవరు? అమలాపురం నుంచి ఎవరో రిటైరైన కోచ్ వస్తున్నారని ఒకరు, గ్యాసు కంపెనీలో పనిచేసే మలయాళీ ఆయన ఒప్పుకున్నారని మరొకరు. ఈ పుకార్లకు హెడ్డాఫీసు మా ఆటో అన్నయ్య. రోజుకు నాలుగు ట్రిప్పులు వేసేవాడు, ట్రిప్పుకో పేరు మోసుకొచ్చేవాడు.

ఆ పేర్లలో నా పేరు లేకపోవడం నాకు అన్యాయంగా తోచింది. ఊళ్ళో ఆఫ్‌సైడ్ సూత్రాన్ని ఉదాహరణలతో సహా చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కదా! ఎలాగైనా సరే ఆ మేనేజరు పదవి సాధించి తీరాలని నిర్ణయించుకుని, గ్రూపులో ఒక వార్త పెట్టాను. ‘విశ్వసనీయ వర్గాల సమాచారం ప్రకారం, విస్తృతంగా చదువుకున్న ఒక స్థానిక యువకుడి పేరు పరిశీలనలో ఉంది.’ నిమిషం తిరక్కుండా ఆటో అన్నయ్య జవాబు పెట్టాడు. ‘ఆ వర్గాలు నువ్వే కదా తమ్ముడూ, పైన నీ పేరు కనపడతా ఉంది.’ కింద నలభై మంది నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నేను బెదరలేదు. పట్టుదల మీద కూడా ఒక పుస్తకం చదివి ఉన్నాను.

అసలు నిర్ణయం మా క్లబ్బు అధ్యక్షులు బోటు మావయ్యగారిది. మూడు బోట్లకు యజమాని. నోరు విప్పి ఏదీ చెప్పరు. మా వైపు బోటు యజమానులకు ఒక పద్ధతి ఉంది. బోటును నడిపించే సరంగుగా ఎవరినైనా పెట్టుకోవాలంటే నోటితో అడగరు. కాదంటే ఇద్దరికీ చిన్నతనం కదా. ఆ ఇంటికి ఒక పెద్ద చేప పంపిస్తారు, తలా తోకా తియ్యకుండా. ఆ ఇంట్లో పులుసు పెట్టారంటే ఒప్పుకున్నట్టు. ‘ఈ పూట మాకు వంట లేదండి’ అని తిప్పి పంపారంటే లేదన్నట్టు. పేరు చెప్పడం అంటూ ఉండదు, చేప గడప దాటితే చాలు. మేనేజరు విషయంలోనూ మావయ్యగారు ఇదే చేస్తారని ఊరంతటికీ తెలుసు. అందుకే ఆ వారమంతా ఆయన బోట్లు ఒడ్డుకు రాగానే చేపలకంటే చూసే జనమే ఎక్కువ. ‘ఇదుగో, ఆ చేప ఎటెళ్తందో చూడండ్రా!’ అంటూ ఒకరి వెనక ఒకరు.

మా ఇంట్లో ఉన్నది మా అమ్మా నేనూ. అమ్మ తట్టలో చేపలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేది. మధ్యాహ్నానికి బేరం ముగించుకుని వస్తూ, ఫుట్‌బాల్ ఆడే మైదానం మూల తట్ట దించి కూర్చునేది. కూర్చుని ఊరుకుంటే గొడవ లేకపోను. ‘ఒరేయ్, పదిమందీ బంతి మీదే పడతారేంట్రా! వలంతా ఒక్కచోటే ఇసురుతారా ఎవరైనా? ఇడిపోండి, ఇడిపోండి!’ అని అరిచేది. కుర్రాళ్ళు నిజంగానే విడిపోయి ఆడేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ‘అమ్మా, ఇది శాస్త్రం. నీకు తెలీదు, ఊరుకో’ అనేవాణ్ణి. ‘ఆయ్, శాస్త్రం నీకు తెలుసు కదా, నువ్వెళ్ళి గోలు కొట్టు మరి’ అనేది.

శనివారం పొద్దున్న మావయ్యగారి బోటు మీద పనిచేసే పెద్దాయన అరిటాకులో చుట్టిన చేప ఒకటి తెచ్చి మా అరుగు మీద పెట్టారు. మోచేయి పొడుగు పండుగప్ప! ‘మావయ్యగారు ఇమ్మన్నారండి’ అని, పద్ధతి ప్రకారం ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయారు. నేను అరుగు మీంచి ఒక్క గంతేశాను. అమ్మ మాత్రం చేపను తిరగేసి చూసి, ‘చేపలమ్ముకునేదానికి చేప పంపడవేంట్రా, ఈయనకేమైనా మతిపోయిందా?’ అంది.

‘అమ్మా, అది నీకు కాదు, నాకు! మేనేజరు చేప! తొందరగా పులుసు పెట్టు, మళ్ళీ మనసు మార్చుకుంటారు.’

అమ్మ నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. ‘సర్లే, చేపకేం తెలుసు ఎవరికోసం వచ్చిందో’ అని కత్తిపీట ముందు కూర్చుంది.

పులుసు వాసనకు వీధి వీధంతా వచ్చేసింది. ఆటో అన్నయ్య ఏకంగా నాకు దండం పెట్టాడు. ‘ఆ వర్గాలు నిజంగానే విశ్వసనీయం తమ్ముడూ, మన్నించు!’ ఆ మధ్యాహ్నం కడుపునిండా తిని, పాత క్యాలెండరు వెనక మైదానం గీసి, చింతపిక్కలతో వ్యూహం పేర్చాను. గిన్నెలు కడుగుతూ అమ్మ తొంగి చూసింది. ‘మధ్యలోనే పోశావేంట్రా అన్నీ? ఆ పక్కలు ఎవడు కాస్తాడు?’ చిరాకు పడ్డాను కానీ, ఆవిడ అటు తిరగ్గానే రెండు పిక్కలు పక్కలకు జరిపాను. (ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.)

ఆదివారం సాయంత్రం మైదానంలో ఊరంతా చేరింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ‘ఆధునిక ఫుట్‌బాల్‌లో నాయకత్వం’ అని రెండు పేజీల ఉపన్యాసం జేబులో పెట్టుకున్నాను. మావయ్యగారు వచ్చారు, చేతిలో డ్రిల్లు మాస్టారి ఈల. గొంతు సవరించుకుని నేనొక అడుగు ముందుకు వేసి చెయ్యి చాపాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి, మూల తట్ట పక్కన కూర్చున్న మా అమ్మ ముందు ఆగారు.

‘ఏమ్మా, పులుసు కుదిరిందా?’

‘కుదిరిందండి.’

‘అయితే రేపట్నుంచి కుర్రాళ్ళని చూసుకోమ్మా. మూడేళ్ళ నుంచి చూస్తన్నాను. మాస్టారు ఈలేస్తే తిరగని వెధవలు నువ్వరిస్తే తిరుగుతన్నారు.’

పదకొండు మంది కుర్రాళ్ళూ ఒక్కసారి కేక వేశారు. చాపిన నా చెయ్యి ఇంకా చాపినట్టే ఉంది. అమ్మ ఆ చెయ్యి వైపూ, జేబులోంచి తొంగిచూస్తున్న ఉపన్యాసం వైపూ చూసింది. ఒక్క మాట ఆవిడ కాదంటే సరిపోయేది. నా కోసం అనేసేదే కూడా, ఆ నోరు తెరుచుకోవడం కనపడింది. ఎందుకో తెలియదు, నేనే అడ్డుపడ్డాను. ‘పులుసు పెట్టేశాక కాదనకూడదమ్మా’ అన్నాను. ఆ మాటను ఆటో అన్నయ్య తర్వాత ఊరంతా చెప్పాడు.

‘మరి ఆ ఈల సంగతి?’ అంది అమ్మ. ‘నాకు ఊదడం రాదండి.’

‘నీ గొంతుండగా ఈలెందుకమ్మా’ అని, మావయ్యగారు చుట్టూ చూసి, ఇంకా గాలిలోనే ఉన్న నా చేతిలో దాన్ని పెట్టేశారు.

పోటీ దాకా ఉన్న ఐదు వారాలూ మేత కొట్టు పని అవగానే అమ్మ తట్ట నేను మోశాను. మిగిలిన చేపలు మైదానం మూల కూర్చుని అమ్మాను, చెప్పినప్పుడు ఈల ఊదాను. ఆఫ్‌సైడ్ సూత్రం రాత్రి భోజనాల దగ్గర అమ్మకు నేనే నేర్పాను. ఆరుసార్లు చెప్పాక, ‘అంటే వల దించకముందే చేపల్లోకి దిగిపోకూడదనేగా’ అంది. పుస్తకంలో నాలుగు పేజీలుంది అది. పోటీలో ఒకటి ఒకటితో సమానంగా నిలిచాం. గెలిచినంత సంబరం చేసుకున్నాం, ఓడిపోలేదు కదా మరి.

ఇప్పుడు కూడా సాయంత్రాలు గ్రంథాలయంలో అదే కిటికీ పక్కన కూర్చుంటాను. ఏదో దూరదేశపు పెద్ద క్లబ్బుకు కొత్త మేనేజరు ఎవరని పేపర్లో సగం పేజీ ఊహాగానాలు కనిపిస్తే ఒక్క పేరూ వదలకుండా చదువుతాను. చదివి మడిచేటప్పుడు, ఆ ఊళ్ళోనూ విస్తృతంగా చదువుకున్న యువకుడెవడో ఇస్త్రీ చొక్కా వేసుకుని చెయ్యి చాపి నిలబడి ఉంటాడనిపిస్తుంది. పాపం, ‘మీ అమ్మ వైపు ఒకసారి తిరిగి చూడరా’ అని వాడికి చెప్పాలనిపిస్తుంది.