మేడమీది అక్కకు పెట్టిన సాంబారు

నా చిన్నప్పుడు, అంటే నేను ఆరో తరగతిలో ఉండగా, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా వంటింట్లో రెండు సాంబారు గిన్నెలుండేవి. ఒకటి మాకు. రెండోది మేడమీది గదిలో ఉండే అక్కకు.

మాది కృష్ణా జిల్లా. నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి ఇల్లు కట్టుకున్నాం. మేడమీద ఒక గది వేసి, కోచింగ్‌కు వచ్చే ఆడపిల్లలకు భోజనంతో సహా ఇద్దామన్నది అమ్మ ఆలోచన. అలా వచ్చిందే ఆ అక్క. నల్గొండ దగ్గర పల్లెటూరు. టీచర్ ట్రైనింగ్ పరీక్షకు చదువుకుంటూ ఉండేది.

వచ్చిన మొదటి రోజే అమ్మ ఆమె గడ్డం పట్టుకుని, "నువ్వు కిరాయికి వచ్చినదానివి కాదు తల్లీ, మా పెద్దమ్మాయివి" అంది. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ సంబరంగా అనిపించింది.

ఆ పెద్దమ్మాయి చేత అమ్మ కూరగాయలు తరిగించేది, నీళ్ళ ట్యాంకర్ వస్తే బిందెలు మోయించేది. సాయంత్రం నాకు లెక్కలు చెప్పించేది. భోజనం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమె మళ్ళీ కిరాయి మనిషైపోయేది. నిన్న మిగిలిన సాంబారు రెండో గిన్నెలోకి వెళ్ళేది. అది ఎండాకాలం, ఇంట్లో ఫ్రిజ్ లేదు. తెల్లారేసరికి పైన తెల్లటి నురగ కట్టేది. అమ్మ ఆ నురగను గరిటెతో తీసి పారబోసి, పులుపు తెలియకుండా చిటికెడు తినే సోడా వేసి, ఇంగువ దట్టించి మళ్ళీ పోపు పెట్టేది. బెండకాయ ముక్కలు పట్టుకుంటే తీగలు సాగేవి.

ఆ పళ్ళెం మేడమీదికి మోసింది నేనే. "అమ్మ నీకోసం స్పెషల్‌గా చేసిందని చెప్పు" అని అమ్మ నేర్పింది. నేను చెప్పేదాన్ని. అక్క ఒకటి రెండుసార్లు ముఖం చిట్లించింది కానీ, ప్రేమగా పంపిన దాన్ని వద్దనలేకపోయింది. ఒకసారి కిందికొచ్చి, సాంబారు పులిసిందేమోనని నసుగుతూ అడిగితే, "పరాయిదానిలా మాట్లాడతావేంటమ్మా, ఇంట్లో మనిషివి, ఓ పూట సర్దుకోలేవా?" అంది అమ్మ. అక్క సిగ్గుపడి వెళ్ళిపోయింది. ఇంకెప్పుడూ అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున అక్క కిందికి దిగలేదు. మా నాయనమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లిగా మెట్లెక్కి వెళ్ళింది. రాత్రంతా వాంతులతో పడి ఉన్న పిల్లకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టించి, నేను పెట్టి వచ్చిన పళ్ళెం పట్టుకుని దిగింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. మధ్యాహ్నం అందరం కూర్చున్నాక, "ఈ పూట నేను వడ్డిస్తా" అంది.

నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేశాడు. "ఏంటిది? కుళ్ళిపోయింది!"

"కుళ్ళటమేంట్రా? రెండో గిన్నెలోదే, మీ పెద్దమ్మాయికి రోజూ పెడుతున్నదే" అంది నాయనమ్మ నింపాదిగా. "కూతురు తిన్నది మీరు తినలేరా?"

అమ్మ ముఖం నల్లబడింది. నేనప్పటికే ఒక ముద్ద మింగేశాను. పెరట్లోకి పరిగెత్తి కక్కుకున్నాను.

నాన్న అన్నం ముందు నుంచి లేచి, ఆటో పిలిచి అక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు రోజులకు ఆమె తేరుకుంది. అప్పుడు అమ్మ వేడి వేడి చారన్నం కలుపుకుని, నన్ను వెంటబెట్టుకుని మేడమీదికి వెళ్ళింది. "తప్పైపోయింది తల్లీ, నా బిడ్డలాంటిదానివి..." అంటుండగానే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆంటీ, జర ఒక మాట చెప్త, ఏమనుకోకుండ్రి. నన్ను బిడ్డా అనకుండ్రి. మా అమ్మ ఊర్లున్నది. నేను పైసలిచ్చి తింటున్న. పైసలిచ్చేటోళ్ళకు పెట్టినట్టు పెట్టుండ్రి, గంతే సాలు."

గొంతు పెంచలేదు. అమ్మ తల దించుకుని కిందికి వెళ్ళిపోయింది. అక్క నా వైపు తిరిగింది.

"అది పాసిపోయిందని ఎరుకుండే తెచ్చినవా చెల్లీ?"

"లేదక్కా" అన్నాను.

ఆమె నమ్మింది. నా తల నిమిరింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఒకటే గిన్నె. ఏ పూట ఏం పెడతారో, ఎన్నింటికి పెడతారో అమ్మ ముందే చెప్పేది. తల్లీ అనే పిలుపు ఆగిపోయింది. అక్క మళ్ళీ మా కూరగాయలు తరగలేదు, మా బిందె ముట్టలేదు. నాకు లెక్కలు మాత్రం చెప్పేది, తనంతట తానే పిలిచి. పరీక్ష రాసి, నాయనమ్మ కాళ్ళకు దండం పెట్టి, బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎల్బీ నగర్‌లో మా ఇంటి పై అంతస్తులో ఉద్యోగాలు చేసుకునే ఇద్దరమ్మాయిలు ఉంటున్నారు. చేరిన రోజే కిరాయెంతో, భోజనం ఏంటో, నేను ఏం చేయలేనో వరసగా చెప్పేశాను. "ఆంటీ మరీ స్ట్రిక్ట్" అని నవ్వుకుంటారని తెలుసు. ఆదివారాలు వాళ్ళే టీ పెట్టి నన్ను పిలుస్తారు. వెళ్ళి కూర్చుని కబుర్లు చెప్పి వస్తాను. వాళ్ళు నా కూతుళ్ళని మాత్రం ఎవరితోనూ అనను. డబ్బు ఇచ్చి పుచ్చుకునే చోట ఎవరైనా "మీరూ మా ఇంటి మనిషే" అంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అమ్మ మీద అసహ్యం కాలంతో పాటు పలచబడింది. ఆమె చేసిన తప్పు బయటపడింది, తల దించుకుంది, మారింది. నాది బయటపడనే లేదు. ఆ నురగ నేను కళ్ళారా చూశాను, మెట్లెక్కుతూ ముక్కు పక్కకు తిప్పుకున్నాను. అక్క అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది.