బావ డైనమో, అక్క డ్రైవింగు

మొన్న మా అమ్మాయి కొత్త కారులో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తుంటే, సిగ్నల్ దగ్గర ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను కంగారుగా తలుపు పిడి పట్టుకున్నాను. "పెట్రోలు ఆదా కోసం అదే ఆగుతుందమ్మా, మళ్ళీ అదే స్టార్టవుతుంది" అంది. పెట్రోలు ఆదా అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దానికి కారణం మా బావ, అంటే మా పెద్దక్క భర్త.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో ఆయనది చీపురుపల్లిలో గోగునార వ్యాపారం. నేను వాళ్ళింట్లోనే ఉండి చదువుకునేదాన్ని. ఎవరో అమ్మేస్తుంటే ఒక పాత కారు కొన్నాడు. సీట్లలో ఎప్పుడూ నానిన నార వాసన. కొన్న నెలకే ఆయన బుర్రలో ఒక పురుగు దూరింది. ఇంజను తిరుగుతూ డైనమోని తిప్పుతుంది, డైనమో బ్యాటరీకి కరెంటు నింపుతుంది. "ఆ డైనమోని తిప్పడానికే బోల్డు పెట్రోలు తగలడిపోతన్నాదే" అని తేల్చాడు. డైనమోకి వెళ్ళే ఒక తీగని తెంచి, మధ్యలో గోడకి బిగించే నల్ల లైటు స్విచ్చు పెట్టి, దాన్ని అక్క కూర్చునే సీటు ముందు బిగించాడు. పల్లంలో దిగుతున్నప్పుడు స్విచ్చు వెయ్యాలి, అప్పుడు బ్యాటరీ ఊరికే నిండుతుంది. మిగతా దారంతా తీసెయ్యాలి. అంతా బాగానే ఉంది గాని, మా వైపు రోడ్డు మీద చెప్పుకోదగ్గ పల్లం ఏది? బ్యాటరీ వారానికోసారి రిక్షా ఎక్కి చార్జింగు కొట్టుకి వెళ్ళేది. హారన్ కూడా కరెంటు తాగేస్తుందని, మేకలు అడ్డొస్తే తలుపు మీద చేత్తో బాదేవాడు. దారి పొడుగునా "వెయ్యి", "తియ్యి" అని అక్క మీద కసుర్లు. బండి ఆగినప్పుడల్లా అక్క స్టీరింగు ముందు కూర్చోవాలి, ఆయన తొయ్యాలి. ఇంజను అందుకోగానే అక్క క్లచ్చూ బ్రేకూ తొక్కి, పక్క సీట్లోకి జరిగేది. ఆవిడకి వచ్చిన డ్రైవింగు అంతే.

నాకు విజయనగరంలో టీచరు ట్రైనింగు సీటుకి ఇంటర్వ్యూ వచ్చింది. అది తప్పితే ఇంటికొచ్చి కుట్టుమిషను నేర్చుకోమని నాన్న ముందే చెప్పేశాడు. పాసింజరు ఎక్కిపోతానంటే బావ వినలేదు. "ఇంట్లో కారెట్టుకుని రైలేటి?" అన్నాడు. గరివిడి దాటాక, చుట్టూ వరిచేలు తప్ప ఊరన్నది లేని చోట, బ్యాటరీ అయిపోయి బండి ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది. బావ మాత్రం బానెట్ ఎత్తి, "సూసావా, ఇంజను ఎంత సల్లగా ఉన్నాదో" అని మురిసిపోతున్నాడు. అక్క "కాసేపు ఆగండి, బ్యాటరీ తేరుకున్నాక తొయ్యండి" అని స్టీరింగు ముందు కూర్చుంది. బావ చేలోంచి ఇద్దరు రైతుల్ని పిలిచాడు, ముగ్గురూ కలిసి తోశారు. బ్యాటరీలో ఆ కాస్త ప్రాణం మిగిలుందేమో, ఇంజను అందుకుంది. అక్క స్విచ్చు వేసింది. బ్రేకు తొక్కలేదు.

వెనక బావ పంచె ఎగ్గట్టి పరిగెడుతున్నాడు. "ఒసే, ఆపవే. స్విచ్చు తియ్యవే."

"ఆపితే సచ్చిపోతాది బండి. నువ్వు ఎనక్కి సూడకు" అంది అక్క నాతో. గేరు మార్చడం రాదు. ఉన్న గేరులోనే, రొద చేసుకుంటూ, నెల్లిమర్ల వంతెన మీద ఎడ్లబండ్లని తప్పించుకుంటూ, నుదుటి చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకుండా నడిపింది. ట్రైనింగు స్కూలు గేటు ముందు బ్రేకు తొక్కితే బండి ఎగిరిపడి ఆగిపోయింది. నేను లోపలికి పరిగెత్తాను. నా పేరు అప్పుడే పిలుస్తున్నారు.

బయటికొచ్చేసరికి బావ నార లారీ పట్టుకుని వచ్చేశాడు. నన్ను ఏమడిగారో, ఏం చెప్పానో ఆయనకి అక్కర్లేదు. "దారంతా స్విచ్చు ఏసే ఉంచావేటి? ఎంత పెట్రోలు కాలిందో తెలుసా?" అంటున్నాడు.

"మీరు దిగిపోయారు కదా, ఆ బరువు తగ్గింది. సరికి సరి" అంది అక్క. ఆవిడ పక్క సీట్లోకి జరిగింది.

సీటు వచ్చింది. రిటైరయ్యేదాకా పిల్లలకి పాఠాలు చెప్పాను. బావ ఆ తర్వాత కూడా మారలేదు, అక్క ఆయన్ని దెప్పడమూ మానలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. కాలం మనుషుల్నైతే పట్టుకుపోయింది గాని, బావ మీద విసుగుని మాత్రం ఏ కొంచెమూ తగ్గించకుండా నా దగ్గరే వదిలిపెట్టింది. దాన్ని పోనివ్వడానికి నాకూ మనసొప్పడం లేదు.