గేటుకు అడ్డం పెట్టిన పీట

మా అపార్ట్‌మెంట్ డాబా మీద స్విమ్మింగ్ పూల్ కట్టించింది పై అంతస్తు ఆయన. మనవరాలి కోసమట. చుట్టూ కంచె లేదు. అమీర్‌పేటలో డాబా అంటే అందరి పెరడు. బట్టలారేసేవాళ్లు, ఫోన్లో మాట్లాడుతూ వెనక్కి వెనక్కి నడిచేవాళ్లు, వాళ్ల కాళ్ల మధ్య పిల్లలు. అసోసియేషన్ మీటింగులో లేచి అడిగాను: నాలుగడుగుల కంచె వేయించాలి, గేటు దానంతటదే మూసుకోవాలి, గడియ పిల్లలకు అందకూడదు.

ఆయన అందరివైపూ తిరిగి నవ్వాడు. "ఆంటీకి ఈత సుత రాదు. గింత నీళ్లకు గంత ఫికరెందుకు?"

ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. రెండో అంతస్తు ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. నన్ను ఆంటీ అన్నందుకు వేరే కోపం.

ఫిర్యాదుల పుస్తకంలో నెలనెలా రాశాను. చివరికి పంజాగుట్ట నుంచి మనుషుల్ని పిలిపించి కంచె వేయించాడు. నేనే వెళ్లి గేటు తోసి వదిలాను. ఠక్కున మూసుకుంది. ఆ చప్పుడు చెవికి ఎంత హాయిగా ఉందో!

మొన్న వేసవిలో గుమ్మడి వడియాలు పెట్టాను. బట్టల నీడ పడనిదీ, ఎవరూ తొక్కనిదీ ఆ కంచె లోపలి చోటే. రెండు చేతుల్లో పిండి గిన్నె, చంకలో తడి పంచె. గేటేమో వదిలితే మూసుకుపోతుంది. కూర్చునే పీట తెచ్చి అడ్డం పెట్టాను. సగం వడియాలయ్యాక పిండి అయిపోయింది. ఇంకో గిన్నె కోసం కిందికి దిగాను. పీట తీయలేదు.

తిరిగి వచ్చేసరికి వాచ్‌మన్ భార్య పూల్ గట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆయన మనవరాలు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. పాప దగ్గుతోంది. పిడికిట్లో నలిగిన వడియం.

"బట్టలు తీయనీకి వచ్చిన, అమ్మా. పాప మునుగుతుంది. దుంకిన."

మెట్ల మీద ఆయన పరుగు వినబడింది. నేను పీట లాగి గోడ పక్కన పెట్టాను. గేటు ఠక్కుమంది. ఆమె చూసింది.

ఆయన పాపను గుండెకు హత్తుకుని ఏడ్చాడు. తర్వాత నాకు దండం పెట్టాడు. "మాఫ్ చెయ్యండి ఆంటీ. మీరు మొదట్నుంచి చెప్తనే ఉన్నరు. గా స్ప్రింగు ఖరాబైనట్టుంది."

ఆ మాట కోసం మూడేళ్లు కాచుకుని ఉన్నాను. తలూపి తీసుకున్నాను.

మర్నాడు మెకానిక్ వచ్చి స్ప్రింగు బాగానే ఉందన్నాడు. మెట్ల దగ్గర ఆయన గొంతు లేచింది. "మరి గేటు గాలికి తెరుచుకున్నదా? నువ్వే బట్టల కోసం తెరిచి పెట్టినవ్!"

"లేదు సార్," అంది వాచ్‌మన్ భార్య. అంతే. నా సంగతి ఎత్తలేదు.

పాపను బతికించిన మనిషి తల దించుకుని నిలబడితే, నేను తలుపు వెనక వింటున్నాను. బయటికి వెళ్లి చెప్పాను. "పీట నాదండీ. అడ్డం పెట్టింది నేనే. నిన్న మీరు వస్తున్నారని తీసేశాను."

ఈత రాదు, బుద్ధీ లేదు అంటాడనుకున్నాను. అని ఉంటే ఆ మాట జన్మంతా మనసులో దాచుకునేదాన్ని. ఆయన ఆమె వైపు తిరిగి "తప్పైంది చెల్లె" అని పైకి వెళ్లిపోయాడు.

ముందురోజు నాకు చెప్పిన క్షమాపణ మాత్రం వెనక్కి అడగలేదు. అది ఇంకా నా దగ్గరే ఉంది.