డోర్నకల్ ఛాంపియన్‌ను పుట్టించింది నేనే

బాక్సింగ్ గురించి మానుకోట మొత్తంలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకానికి ఆధారం ఒక అట్టపెట్టె. జనగామలో ఇంటర్ చదివే రోజుల్లో తరిగొప్పుల నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి, కాలేజీకి పోకుండా లైబ్రరీకి పోయేవాణ్ణి. పాత పేపర్లలో ఆటల పేజీ చదివి, ఎవరూ చూడనప్పుడు బాక్సర్ల ఫోటోలు చింపుకొచ్చేవాణ్ణి. ఆ పెట్టె నిండా అవే. ఒక్క పోటీ కూడా కళ్ళారా చూసింది లేదు. ఒకసారి టీవీలో వస్తుంటే రెండో రౌండులో కరెంటు పోయింది. గ్లౌజు ముట్టుకున్నదీ లేదు. నా బరువు యాభై రెండు కిలోలు, అదీ తడిబట్టలతో తూస్తే. ఇంట్లో పచ్చడి సీసా మూత బిగుసుకుపోతే మా ఆవిడ దాన్ని నాకివ్వదు, పక్కింటామెకు ఇస్తుంది.

ఇంత అనుభవంతో నేను తెలంగాణ ఉద్యమంలోకి దిగాను. ఆఫీసులన్నీ బంద్ పెట్టిన సమ్మె రోజులవి. మానుకోటలో మా ఆఫీసు ముందరే టెంటు వేసి రిలే నిరాహార దీక్ష చేశాం. రిలే అంటే రోజుకొక జట్టు. పొద్దున కడుపునిండా తిని వచ్చి కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి మళ్ళీ తినడానికి లేచిపోవడం. అంత సుఖంగా పస్తులున్నవాళ్ళు చరిత్రలో ఉండరు. అయితే జీతాలు ఆగినా ఒక్కరూ వెనక్కి పోలేదు. ఆ ఒక్క విషయంలో మమ్మల్ని నేను వెక్కిరించలేను.

చిక్కంతా మధ్యాహ్నంతోనే. పదకొండుకల్లా నినాదాలు అయిపోయేవి. పన్నెండుకల్లా పాటలు అయిపోయేవి. ఆ తరువాత ఒక్కొక్కరూ చాయ్ పేరు చెప్పి జారుకునేవాళ్ళు. టెంటు ఖాళీగా కనబడితే ఉద్యమం చల్లబడిందని పేపర్లో రాస్తారని మా పెద్దల భయం. అలాంటి ఒక మధ్యాహ్నం నేను నోరు తెరిచి, పాతకాలం ఛాంపియన్‌ను ఈ కాలం ఛాంపియన్‌తో కొట్లాడిస్తే ఎవరు గెలుస్తారని అడిగాను. చాయ్‌కి పోబోయినవాళ్ళు ఆగారు.

నాకు ఎదురుగా లేచినవాడు బజారులో బట్టలు కుట్టే టైలర్ భాయ్. బంద్‌కు దుకాణం మూసి, మెడలో టేపు మాత్రం తియ్యకుండా వచ్చి కూర్చునేవాడు. ఆ విదేశీ పేర్లు మా ఇద్దరికీ నోరు తిరగవు. అందుకని నావాణ్ణి నలుపు-తెలుపాయన అనీ, అతనివాణ్ణి రంగులాయన అనీ పిలుచుకున్నాం. రెండు రోజుల్లో కట్టుబాట్లు కూడా పుట్టాయి. వాదన పన్నెండు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. గంటకు బదులు ఆఫీసు ముందు వేలాడే రైలుపట్టా ముక్క మీద అటెండరు ఇనుపబోల్టుతో కొడతాడు. వంటావార్పు నాడు రోడ్డు మీద చారు కాచగా మిగిలిన చింతగింజలు టెంటులో తలా ఒకటి పంచుతారు. వాదన అయ్యాక ఎవరికి నచ్చినవాడి పళ్ళెంలో వాళ్ళు గింజ వేస్తారు. ఎక్కువ గింజలు వచ్చినవాడి చెయ్యి పైకెత్తి ఊరంతా జై కొడుతుంది.

వరుసగా ఆరు రోజులు నేనే ఓడిపోయాను. టైలర్ భాయ్ నా ఫోటోలే తీసుకుని, టేపు దగ్గర పెట్టి చూసి తీర్పు చెప్పేవాడు.

"నక్కో సాబ్, నక్కో. నీ ఆద్మీకి మెడ పదహారు. గా లెక్కన గాయినకు చెయ్యి ఇరవై అయిదు ఇంచులు దాటది. నా ఆద్మీకి ఇరవై ఏడు. నీవోడు కొట్టనీకి వచ్చేలోపల నావోడు రెండు కొడ్తడు."

నేను ధైర్యమనేవాణ్ణి, ఓర్పనేవాణ్ణి, ఆ కాలం నెయ్యి అనేవాణ్ణి. జనం మాత్రం టేపునే నమ్మేవాళ్ళు. గింజలన్నీ అటే పోయేవి.

ఏడో రోజు నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదో రౌండులో లేచి, "మీ రంగులాయన్ని కొట్టెటోడు మన డోర్నకల్లనే ఉండె" అన్నాను. అన్న తరువాత ఎవరా అని నేనే ఆలోచించుకోవాల్సి వచ్చింది. నైజాం కాలంలో డోర్నకల్ లోకోషెడ్డులో ఇంజనుకు బొగ్గేసే ఫైర్‌మన్ అన్నాను. రైల్వే తెల్లదొరను నాలుగో రౌండులో పడగొట్టాడన్నాను. ఆ కోపానికి దొర కాగితాల్లో ఎక్కడా అతని పేరు రానివ్వలేదన్నాను. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది చిన్నప్పుడే వేసిన టీకామచ్చలా అతికింది.

"ఫోటో ఏది?" అన్నాడు టైలర్ భాయ్ చెయ్యి చాచి.

"మనోళ్ళ ఫోటో ఎవడు తీసిండు భాయ్?"

 వెనక నుంచి ఎవరో "నిజమే" అన్నారు. ఫోటో లేకపోతే మెడ లేదు, మెడ లేకపోతే చెయ్యి పొడుగు తేలదు. టైలర్ భాయ్ టేపు మళ్ళీ మెడలో వేసుకున్నాడు. ఆ రోజు గింజలన్నీ నా పళ్ళెంలోనే పడ్డాయి. నా చెయ్యి పైకెత్తారు. ఆ సుఖం నాకు మా పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆ తరువాత కథ నా చెయ్యి దాటిపోయింది. ఉపన్యాసాల్లో, ఆ మీదట పేపర్లో డోర్నకల్ ఛాంపియన్ ప్రస్తావన వచ్చింది. ఒక పిడికిలి బొమ్మతో ఫ్లెక్సీ కూడా లేచింది. భూపాలపల్లిలో బొగ్గుబావి కార్మికుల టెంటుకు మద్దతు చెప్పడానికి పోతే, ఒక కార్మికుడు నన్ను కూర్చోబెట్టి ఆ కథ నాకే చెప్పాడు. ఆయన లెక్కలో ఛాంపియన్ అక్కడి బావిలో బొగ్గు తవ్వినవాడు. నైజాం కాలానికి అక్కడ బావే లేదని చెప్పే మొహం నాకెక్కడిది? "అవునా అన్నా!" అని నోరు తెరిచి విన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం డోర్నకల్ నుంచి ఒక ముసలాయన, భార్యను వెంటబెట్టుకుని టెంటుకు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. రైల్వేలో రిటైరయ్యాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, నేను చేరింది గా షెడ్డులనే, ఫైర్‌మన్‌గనే. నాకంటె ముందట గసుంటి మనిషున్నడని ఎవ్వలు చెప్పలె నాకు. పేపర్ల సదివి రాత్రంత నిద్ర వట్టలె."

 ఇక దొరికిపోయానని అనుకున్నాను. కానీ ఆయన కళ్ళల్లో అనుమానం లేదు, సంబరం ఉంది.

"నేను సుత బాక్సర్నే. సికింద్రాబాద్ల రైల్వేల పోటీలకు పోయిన. ఒక్కటే పోటీ, మొదటి రౌండ్లనే పడ్డ. పెండ్లయిన సంది చెప్తున్న, అదుగో, మా ఇంటిదానికి. పోటీకి పోయిన అని చెప్పిన గని ఓడిన అని చెప్పలె. అయినా నమ్మది. నవ్వుతది. ఒక్కసారి నలుగురి ముందట నా చెయ్యి లేపుండ్రి, అది సూడాలె. మీ ఛాంపియన్‌కు నన్ను జతగట్టు. షెడ్డు ఒక్కటే, పని ఒక్కటే."

అవ్వ టెంటు అంచున కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది. నవ్వుతోందో లేదో తెలియలేదు. నాకు గుండె కరిగింది. లేని మనిషి తరఫున వాదించి ఓడిపోవడంలో నాకు పోయేదేముంది? ఆరు రోజులు ఊరికే ఓడినవాణ్ణి. ఎనిమిదో రౌండు దాకా లాగి, తొమ్మిదిలో చేతులెత్తేద్దామని నిశ్చయించుకున్నాను.

ముసలాయన తన తరఫున తానే వాదించాడు. ఆయన మాట్లాడుతుంటే బాక్సింగ్ అంటే ఏమిటో నేనూ మొదటిసారి విన్నాను.

"ఎనిమిది గంటలు పారతోటి బొగ్గేసినంక చెయ్యి గీ మీదికి లేవది" అని భుజం చూపించాడు. "గందుకే డ్యూటీకి పోకముందు పొద్దుగాల్నే కొట్టుడు నేర్సుకున్న. గోనెసంచిల ఊక నింపి షెడ్డెన్క ఏలాడదీసిన. మొకం మీద దెబ్బ పడ్డప్పుడు నొప్పి తెల్వది బిడ్డా. సప్పుడు తెలుస్తది."

చప్పట్లు మోగాయి. "చింత చచ్చినా పులుపు చావలె!" అని ఎవరో అరిచారు. నాలుగో రౌండుకు టెంటంతా ఆయన పక్షమే. అవ్వ కొంగు నోటి మీంచి జారింది. అంతా నేననుకున్నట్టే జరుగుతోంది.

అప్పుడే నాకు అసూయ పుట్టింది. ఆ చప్పట్లు నావి. ఆ టెంటు నాది. ఇన్ని రోజులుగా వాళ్ళను చాయ్‌కి పోకుండా ఆపినవాణ్ణి నేను. నా బుద్ధి ఎంత చిన్నదో నాకా క్షణంలో తెలిసింది. తెలిసీ నోరు ఆగలేదు. ఆయన ఒక పార అంటే మావాడు రెండు పారలన్నాను. ఆయన ఊకసంచి అంటే మావాడు ఇసుకసంచి అన్నాను. టైలర్ భాయ్‌ను పిలిచి ముసలాయన చెయ్యి కొలిపించాను. భుజం వంగిపోయిన మనిషి. భాయ్ కొలిచి, టేపు చుట్టేసి, తల దించుకుని "ఇరవై మూడు" అన్నాడు. మా ఛాంపియన్‌ను కొలవడానికి దొరకడు కదా!

పన్నెండో రౌండులో లేచి అడిగాను. "సికింద్రాబాద్ల ఎన్నో రౌండ్ల పడ్డవో జర చెప్పు బాపూ."

ఆయన నన్ను చూశాడు. తరువాత భార్యను చూశాడు. "మొదటి రౌండ్ల" అన్నాడు.

పట్టాముక్క మోగింది. గింజలన్నీ నా పళ్ళెంలో పడ్డాయి. ఆయన పళ్ళెంలో ఒకే ఒక్క గింజ పడింది. లేచి వచ్చి అది వేసింది అవ్వ. నా చెయ్యి పైకెత్తి జై కొట్టారు. జనం పలచబడేసరికి వాళ్ళిద్దరూ స్టేషన్ దారిన సగం దూరం పోయారు.

ఆ రాత్రి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. నాకు కంచం పెట్టకుండా లోపలికి పోయింది. నేను చేసిన దీక్షల్లో అసలైన ఉపవాసం అదొక్కటే.

మర్నాడు టెంటులో మైకు పట్టుకుని ఒప్పుకున్నాను. డోర్నకల్ ఛాంపియన్ లేడు, నేనే పుట్టించాను, నన్ను క్షమించండి అన్నాను.  ముందు వరుసలో ఒకాయన లేచి, "నిన్ను ఎవడు బెదిరిచ్చిండన్నా?" అన్నాడు. మరొకాయన భుజం తట్టి భయపడొద్దు, మేమున్నామన్నాడు. నేను అబద్ధమని చెప్పినకొద్దీ వాళ్ళ నమ్మకం పెరిగింది. చివరికి ఛాంపియన్‌కు జై అంటూ నన్ను కూర్చోబెట్టారు. టైలర్ భాయ్ ఒక్కడే నా చెవిలో, "నాకు గా రోజే డౌట్ వచ్చె సాబ్. మెడ లేనోడు ఉంటడా?" అన్నాడు.

ఇక మిగిలింది డోర్నకల్. మరుసటి ఆదివారం ప్యాసింజరెక్కి పోయాను. రైల్వే క్వార్టర్ల వెనక రెండు గదుల ఇల్లు. అవ్వ అరుగు మీద జొన్నపిండి కలుపుతోంది. ముసలాయన మంచంలో కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా.

 "అంటె గా షెడ్డుల మల్ల నేనొక్కణ్ణేనా" అన్నాడు ఆయన. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అవ్వ పిండి పిసకడం ఆపింది. "మొదటి రౌండ్ల పడ్డ అన్నడు సూడు, గప్పుడు నమ్మిన నేను. గొప్పలు చెప్పుకునేటోడు ఓడిన అని ఒప్పుకుంటడా? ఇన్నేండ్లు ఉత్తదే అనుకున్న" అంది. తరువాత ఆయన వైపు తిరిగింది. "అయినా గెలిసింది నువ్వే గద. ఎదురుంగ ఎవ్వలు లేకపాయె."

"గట్ల గెలుసుడు గెలుపు గాదే. ఎదురుంగ మనిషుండాలె" అన్నాడు ఆయన. అని నావైపు చూసి, మంచం దిగాడు.

"నిలవడు బిడ్డా. కాళ్ళు జర ఎడం పెట్టు. చేతులు మొకం కాడికి. పొట్ట బిగవట్టు."

నా అట్టపెట్టెలో ఫోటోల్లాగే నిలబడ్డాననుకున్నాను. ముసలివాడు, అందులోనూ ఇరవై మూడు అంగుళాల చెయ్యి, ఏం కొడతాడులే అనుకున్నాను. చెయ్యి కదిలినట్టే అనిపించలేదు. పక్కటెముకల కింద ఎక్కడో తగిలింది. నొప్పి కాదు, ఆయన చెప్పినట్టు చప్పుడే తెలిసింది. తరువాత చూస్తే ఆకాశం, కరెంటు తీగ, పక్కన పిండిగిన్నె.

అవ్వ లేచి వచ్చి, పిండి అంటిన చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని తన తలకంటే పైకి లేపింది. "ఇగో, సూసిన" అంది. ఆయన గడ్డం వణుకుతోంది. నవ్వో ఏడుపో నాకు కింద నుంచి తెలియలేదు.

ఇది రాస్తుంటే నా పాత బుద్ధి మళ్ళీ తొంగిచూసింది. ఆ ముసలామె సంతోషం కోసం కావాలనే పడిపోయానని రాస్తే ఎంత బాగుంటుంది! చదివినవాళ్ళు నన్ను మెచ్చుకుంటారు కూడా. కానీ ఆ అరుగు మీద నేను లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాను. లేవలేకపోయాను.